దూదక్క ఆపని సూది

మా క్లినిక్కులో ఇంజెక్షన్ గదికి తలుపు లేదు, తెర ఉంది. తెరకు అవతల దూదక్క, ఇవతల బెంచీలు. బెంచీల చివర, కిటికీ పక్కన, చీటీలు రాసే బల్ల నాది. పంతొమ్మిదేళ్ళుగా అక్కడే కూర్చున్నాను కనుక తెర వెనక ఎవరు మూలిగారో, ఎవరు బుకాయించారో నాకు తెలియకుండా పోదు. వినకూడదనే అనుకుంటాను. ఏం చెయ్యను, కళ్ళకున్నట్టు చెవులకు రెప్పలు లేవు.

దూదక్క అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనబడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలాయనకు ఇంజెక్షన్ చేసి, "అయిపోయింది తాతా, ఇక లే" అందట. "దూది రాశావు సరే, సూది ఎప్పుడు వేస్తావు?" అన్నాడట ఆయన. అంతే, ఆ రోజునుంచి దూదక్క. ముసలివాళ్ళకూ దూదక్కే, చంటిపిల్లలకూ దూదక్కే. చివరికి వాళ్ళాయన కూడా ఫోన్ చేసి, "మా దూదక్క ఉందాండీ?" అని అడిగేవాడు. "పెళ్ళాన్ని పట్టుకుని అక్క అంటావేమయ్యా?" అంటే, "పేరే అది కదండీ, నన్నేం చెయ్యమంటారు?" అనేవాడు పాపం.

ఆ పేరు ఊరికే రాలేదు. నర్సు చదువులో అందరూ నారింజపండు మీద సూది గుచ్చడం నేర్చుకుని ఊరుకుంటే, ఈవిడ నారింజలు అయిపోయాక ఖాళీ సూదితో తన తొడనే గుచ్చుకుని చూసిందట, పన్నెండు రోజులపాటు. "ఎదుటివాడికి నొప్పి ఎక్కడ పుడుతుందో ముందు మన ఒంటికి తెలియాలే" అనేది నాతో. దానికి తోడు ఒక కిటుకు కనిపెట్టింది. సూది చేతిలోకి తీసుకోగానే ఏదో ఒక ప్రశ్న వేసేది. మామూలు ప్రశ్న కాదు, మనిషి వెంటనే పట్టించుకుని తీరాల్సిన ప్రశ్న. "మీ అల్లుడికి బట్టతల వచ్చేసిందటగా పిన్నీ?" అనేది. "ఎవరే ఆ కూసింది?" అని పిన్ని తల తిప్పేసరికి సూది వెళ్ళడమూ రావడమూ అయిపోయేది.

"నా చేతిలో ఏడ్చినవాడు ఇంకా పుట్టలేదు" అని కొత్తగా చేరిన నర్సులతో చెప్పేది. చెప్పేటప్పుడు కాస్త గడ్డం పైకి లేచేది. లేవనీ, ఇరవై ఆరేళ్ళ మాట అది.

మా వీధిలో బస్సాయన ఉన్నాడు. బస్సు డ్రైవరు. గుమ్మంలోంచి వస్తే గదిలో వెలుతురు తగ్గేంత మనిషి. హారను పాడైనా బస్సు నడపగలడని చెప్పుకునేవాళ్ళు, గొంతు అలాంటిది. మనసు మాత్రం వెన్న. దూదక్కను అక్కా అంటాడు, నన్ను వదినా అంటాడు. నోరారా వదినా అన్నాడు కదా అని నేను కనబడినప్పుడల్లా ఏదో ఒకటి అనేదాన్ని. మరిదిని ఆటపట్టించకపోతే వదిన ఎందుకు?

ఆ సోమవారం ఉదయం అతను నడుం పట్టేసి, గోడలు పట్టుకుని వచ్చాడు. డాక్టరమ్మ చూసి నొప్పి తగ్గే ఇంజెక్షన్ రాసింది. బెంచీల మీద ఇరవైమంది పైనే ఉన్నారు. బస్సాయన తెర వెనక్కి వెళ్ళాడు.

"ఏం తమ్ముడూ, నీ బస్సుకు ఎన్ని స్టాపులు?" దూదక్క గొంతు.

"పదిహేడక్కా."

"వరసగా చెప్పు చూద్దాం. ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటికి రావాలి."

"అదెంత పనక్కా. డిపో... పోస్టాఫీసు... గడియారం... మార్కె..."

ఆ మార్కెట్టు పూర్తిగా రాలేదు. దాని బదులు ఒక అరుపు వచ్చింది. నా చేతిలో కలం గీత దాటి చీటీ చివరిదాకా పోయింది. ఎవరి ఒళ్ళోనో పసిపాప ఉలిక్కిపడి లేచింది.

"అక్కా, ఆపు! ఆపక్కా! కాలిపోతోంది!"

"కదలకు, కదలకు. ఇంకొంచెమే. ఆ... ఆ... అయిపోయింది." తరవాత దూదక్క నవ్వు. "ఇంత మనిషివి, అదేం అరుపయ్యా! మొన్న నాలుగేళ్ళ పిల్ల కిలకిలా నవ్వుతూ వేయించుకుని పోయింది."

నేను ఊరుకున్నానా? ఊరుకుంటే ఈ కథే లేకపోవును. "మార్కెట్టు దగ్గరే దిగిపోయావేం మరిదీ? ఇంకా పదమూడు స్టాపులు మిగిలాయి!" అని బల్ల దగ్గరనుంచే కేకేశాను.

బెంచీలన్నీ ఒక్కసారి ఘొల్లుమన్నాయి. జ్వరంతో వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. బస్సాయన తెర తప్పించుకుని వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది, పై పెదవి మీద చెమట. అయినా నవ్వడానికే చూశాడు.

"ఏమనుకోకక్కా, ఎందుకో నోరు జారింది. నీ చెయ్యి మంచిదే, నా ఒళ్ళే చెడ్డది."

"పోన్లే, ఇంటికెళ్ళి ఐసు పెట్టుకో, పిరికి తమ్ముడూ" అంది దూదక్క, తరవాతి చీటీ అందుకుంటూ.

ఇంకెవరి చేతిలోనైనా అంత నొప్పి పుట్టి ఉంటే అతను మర్నాడు పొద్దున్నే వచ్చి దెబ్బలాడి ఉండేవాడు. కానీ దూదక్క చేతిలో నొప్పి పుట్టిందంటే తప్పు నొప్పిపడ్డవాడిదే. ఇది మా వీధి సిద్ధాంతం. మేమందరం నమ్మాం, అందరికంటే గట్టిగా బస్సాయన నమ్మాడు. అందుకే ఎవరికీ చెప్పుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అతని భార్య వచ్చింది. చీటీ రాయించుకోలేదు. బల్ల మీదకు వంగి, చుట్టూ చూసి, "వదినా, నవ్వనని మాటివ్వు" అంది.

"ముందు సంగతేంటో చెప్పు."

"నవ్వనను ముందు."

నవ్వనన్నాను. ఫోన్ తీసి బల్ల కిందకు పెట్టి చూపించింది. మొగుడు కూర్చునే చోటును ఫొటో తీసుకొచ్చింది ఆ తల్లి. నవ్వొచ్చే ఫొటోయే. కానీ నవ్వు రాలేదు. పిరుదు మీద, చెయ్యి వెడల్పున, ఊదారంగు వల పరిచినట్టుంది. వల మధ్యలో చర్మం నల్లబడుతోంది.

"నాలుగు రోజులనుంచి బోర్లా పడుకుంటున్నాడు. ఏంటంటే నడుం నొప్పి అంటాడు. నిలబడి తింటున్నాడు. ఇవాళ పంచె మార్చుకుంటుంటే చూశాను. క్లినిక్కుకు పద అంటే, 'మళ్ళీ నవ్వుతారే' అన్నాడు."

ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. ఫోన్ పట్టుకుని తిన్నగా డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాను.

అరగంటలో బస్సాయన పరీక్ష బల్ల మీద బోర్లా ఉన్నాడు. మొహం దిండులో దాచుకున్నాడు. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. వేలితో చుట్టూ తట్టి చూసింది. మా డాక్టరమ్మ చిన్నదే, దూదక్క కూతురి కంటే రెండేళ్ళు చిన్న. కానీ పని దగ్గర గొంతు తగ్గించదు, పెంచదు.

"ఇది చాలా అరుదు. వేలమందికి ఇంజెక్షన్ చేస్తే ఎక్కడో ఒకరికి వస్తుంది. మందు పడిన చోట సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందక చర్మం చచ్చిపోతుంది. ఎంత పద్ధతిగా వేసినా రావచ్చు. ఐసు ఏమైనా పెట్టారా?"

"రోజుకు నాలుగుసార్లు పెట్టుకున్నాడంట డాక్టరమ్మా. దూదక్క చెప్పిందని" అంది భార్య.

"పెట్టకూడదమ్మా. ఉన్న నాళాలు ఇంకా బిగుసుకుపోతాయి." డాక్టరమ్మ పక్కనే నిలబడ్డ దూదక్క వైపు తిరిగింది. "మందు ఎక్కించేముందు పిస్టన్ వెనక్కి లాగి చూశారా?"

"చూశాను. రక్తం రాలేదు." అది నిజమే. దూదక్క ఆ పని మరవదు.

"నొప్పి అనగానే ఆపేశారు కదా?"

దూదక్క బల్ల మీది మనిషి వైపు చూసింది. అతను దిండులోంచి మొహం పక్కకు తిప్పి ఆవిడనే చూస్తున్నాడు.

"ఆపేశాను" అంది.

అప్పుడు బస్సాయన అన్నాడు. "అవునమ్మా, అక్క వెంటనే తీసేసింది. నేనే అనవసరంగా అరిచాను."

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఇంకొంచెమే, ఆ, ఆ, అయిపోయింది అన్న మాటలు నా చెవుల్లో ఇంకా ఉన్నాయి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డానే తప్ప నోరు విప్పలేదు. విప్పితే, "మరి మీరేమన్నారు ఆ రోజు?" అని నన్నూ అడుగుతారేమోనని.

పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరు చూసి అదే జబ్బన్నాడు. రక్తం పలచబడే మందులిచ్చాడు. నల్లబడిన ముక్కను రెండు దఫాలుగా కోసి తీసేశారు. నిమ్మకాయ పట్టేంత గుంట మిగిలింది. దానికి రోజూ కట్టు మార్చాలి. మా క్లినిక్కులోనే మార్పించుకుంటానన్నాడు బస్సాయన, అదీ దూదక్క చేతనే.

"ఇప్పటికే చూసినవాళ్ళు చాలు వదినా. కొత్తవాళ్ళకు చూపించుకుంటూ పోవడం నావల్ల కాదు" అన్నాడు నాతో. సెలవులో ఉన్నాడు. సీట్లో కూర్చోలేని డ్రైవరు ఏం చేస్తాడు? "మా ఇంట్లో కుర్చీలన్నీ ఇప్పుడు చుట్టాలకే" అని తనమీద తనే జోకు వేసుకున్నాడు. నేను నవ్వాలో మానాలో తెలియక చీటీ వైపు చూశాను.

దూదక్క మాత్రం వేరే మనిషైపోయింది. ప్రశ్నలు మానేసింది. తెర వెనకనుంచి సూదిమందు సీసా మూతి విరిచిన చప్పుడు, దూది డబ్బా మూత చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. "ఏమిటే దూదక్కా, మా అల్లుడి సంగతి అడగవేం?" అని పిన్ని తనే అడిగితే, "బాగున్నాడుగా" అని ఊరుకుంది. పిన్ని బయటికొచ్చి, "దీనికి ఒంట్లో బాగోలేనట్టుంది, ఎవరైనా సూది వెయ్యండే" అంది.

ఒక మధ్యాహ్నం పంపు దగ్గర ట్రేలు కడుగుతూ ఉన్నట్టుండి నాతో అంది.

"అతను ఆపమన్నప్పుడు సిరంజిలో ఎంత మిగిలిందో తెలుసా? సగం పైనే. సగం పైన మందు, ఆ మనిషి ఆపమని అరుస్తుంటే ఎక్కించాను."

"మరి ఎందుకాపలేదు?"

నీళ్ళు ధారగా పోతున్నాయి. పంపు కట్టడం కూడా మరిచిపోయింది.

"ఆపితే నా చేతిలో నొప్పి పుట్టిందని ఒప్పుకున్నట్టే కదే."

నాకు ఏం చెప్పాలో తోచలేదు. అంటే, తోచింది కానీ అది మంచి మాట కాదు. "డాక్టరమ్మే అందిగా, ఎలా వేసినా వచ్చేదేనని. వదిలెయ్ ఇంక" అన్నాను. ఆవిణ్ణి ఓదార్చినట్టే ఉంది కదూ? ఆవిడ వదిలేస్తే నేనూ వదిలెయ్యొచ్చన్నది అందులో అసలు సంగతి. మందు ఆవిడ ఎక్కించింది. నవ్వు ఎక్కించింది నేను కాదూ?

మూడోవారంలో డాక్టరమ్మ ఒక కాగితం తెచ్చింది. ఏ మందు ఎవరికి వికటించినా పైవాళ్ళకు రాసి పంపే కాగితమట. గళ్ళన్నీ తనే నింపింది. మందు పేరు, ఎంత మోతాదు, ఏ కండరం, ఎన్నో రోజున మచ్చ కనబడింది. కింద నర్సు సంతకానికి చోటు. నా బల్ల మీద పెట్టి దూదక్కను పిలిచింది. బస్సాయన కట్టు కోసం వచ్చి అప్పటికే తెర వెనక బోర్లా పడుకుని ఉన్నాడు.

దూదక్క కలం తీసుకుంది. పైనుంచి చదువుకుంటూ వచ్చింది. ఒక గడి దగ్గర ఆగింది. నేను తలవంచి చూశాను. "తీవ్రమైన నొప్పి మొదలైన వెంటనే మందు ఆపారా?" అని ఉంది. డాక్టరమ్మ అందంగా "అవును" అని రాసింది.

"ఇది ఎవరు చదువుతారమ్మా?" అడిగింది దూదక్క.

"మనలాంటివాళ్ళే. రేపు ఇంకెవరికైనా ఇలా జరిగితే ఏం చెయ్యాలో తెలియడానికి."

దూదక్క కలం మూత పెట్టేసింది. "అయితే ఇది తప్పు. నేను ఆపలేదు. ఆపమని అరుస్తున్నా ఎక్కించాను. మీరడిగిన రోజు అబద్ధం చెప్పాను."

మాట గట్టిగా అనలేదు. కానీ ఆ మాట అన్నాక ఆవిడ మెడ దాకా ఎర్రబడింది. యాభై రెండేళ్ళ మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు జేబులు వెతుక్కుంది. డాక్టరమ్మ ఆవిణ్ణి చూసింది, కాగితాన్ని చూసింది. "అవును" కొట్టేసి "కాదు" అని రాసి, పక్కన తన పొడి అక్షరాలు వేసింది.

"ఆపి ఉంటే ఇంత లోతు వచ్చేదో కాదో నేను చెప్పలేను. రాకపోయి ఉండొచ్చు, వచ్చి ఉండొచ్చు" అంది. "సంతకం చెయ్యండి. అతనికి మాత్రం మీరే చెప్పాలి."

దూదక్క తెర వెనక్కి వెళ్ళింది. నా చెవులకు రెప్పలు లేవని ముందే చెప్పాను.

"తమ్ముడూ, ఆ రోజు నేను..."

"విన్నానక్కా. తెరే కదా అడ్డం."

"ఆపలేదు నేను."

"నాకు తెలీదా ఏంటి? ఒళ్ళు నాది."

"మరి డాక్టరమ్మతో అలా ఎందుకన్నావు?"

"నువ్వు నా వైపు చూశావుగా. అలా చూసిన మనిషిని ఎలా పట్టివ్వమంటావు? అలాగని కోపం లేదని మాత్రం అనను. ఉంది. కట్టు విప్పిన ప్రతిసారీ ఉంది."

"కోప్పడు తమ్ముడూ. నన్ను తిట్టు."

"తిట్టడం నాకు చేతకాదు. డిపోలో నన్ను ఏమని పిలుస్తున్నారో తెలుసా? నాలుగో స్టాపు. సెలవులో ఉన్నవాడికి ఫోన్ చేసి మరీ, 'ఏం నాలుగో స్టాపూ, సూదికి భయపడి ఇంట్లో దాక్కున్నావా' అంటున్నారు. మా ఇంట్లోదాని ముందు ఆ ఫోన్ ఎత్తాలంటే సిగ్గేస్తోంది. గుంట మానిపోద్దక్కా. ఆ మాట మానదు. నాకు క్షమాపణలొద్దు. నవ్వినవాళ్ళకు చెప్పు, ఆ అరుపు ఉత్తుత్తి అరుపు కాదని."

తరవాత తెర రింగులు గరగరమన్నాయి. దూదక్క బయటికి వచ్చింది, చేతులకు తొడుగులతోనే. బెంచీల ముందు నిలబడింది. ఆ రోజు నవ్వినవాళ్ళలో సగంమంది ఉన్నారు. పిన్ని ఉంది.

"ఒక మాట వినండి. బస్సాయన ఆ రోజు అరిచింది పిరికితనంతో కాదు. ఒళ్ళు చచ్చిపోయేంత నొప్పితో. ఆపమన్నాడు, నేను ఆపలేదు. నా పేరు పోతుందని ఆపలేదు. ఆయన పడ్డ బాధ చూసి నేను నవ్వాను, నన్ను చూసి మీరు నవ్వారు. ఆయన్ని పిరికివాడన్న నోరు నాదే. మీ నోళ్ళతో ఇంకెక్కడా అనకండి."

అందరి కళ్ళూ దూదక్కను దాటి వెనక్కి వెళ్ళాయి. నేనూ అటు చూశాను. కంగారులో ఆవిడ తెర పూర్తిగా లాగేసి వచ్చింది. లోపల బల్ల మీద బస్సాయన బోర్లా, కట్టు విప్పి, ఉన్నది ఉన్నట్టుగా.

"అక్కా! తెర! తెర వెయ్యవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను!"

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు క్లినిక్కు కప్పు ఎగిరిపోయేది. ఎవరూ నవ్వలేదు. ఆ గుంటను చూసినవాళ్ళు నవ్వలేరు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల గోడవైపు తిప్పుకుంది.

నేను లేచి వెళ్ళి తెర వేశాను. బయటినుంచి వేసి రావాల్సింది, లోపలివైపు ఉండిపోయాను. దూదక్క కూడా వచ్చింది. నేను గోడకు తిరిగి నిలబడ్డాను, మర్యాదకు అనుకున్నాను కానీ అతని మొహం చూడలేక.

"మరిదీ, ఆ స్టాపు మాట మొదలెట్టింది నేనే."

"తెలుసు వదినా. నీ గొంతు గుర్తుపట్టలేకపోవడానికి నేనేం చెవిటివాణ్ణా?"

"రేపు డిపోకు వెళ్ళి నేనే చెప్తాను."

"వద్దు వద్దు! నువ్వు ఆడదానివి వచ్చి నా తరఫున చెప్పావనుకో, ఇంకో పేరు పెడతారు."

"మరేం చెయ్యమంటావు?"

"ఏం చెయ్యొద్దు. అలా నిలబడు. నేను మూడు వారాలనుంచి నిలబడే ఉన్నాను."

నిలబడ్డాను. బయట చీటీ కోసం ఎవరో నా బల్ల తట్టారు, ఇంకోసారి తట్టారు. వెళ్ళలేదు. దూదక్క తొడుగులు మార్చుకుంది. తడి గాజుగుడ్డ చేతిలోకి తీసుకుని, వంగి, చాలా నెమ్మదిగా అంది.

"మండుతుంది తమ్ముడూ. ఆపమంటే ఆపేస్తాను."

అతను రెండుసార్లు ఆపమన్నాడు. రెండుసార్లూ ఆపింది.